మా ఇంటి ల్యాంప్ రూమ్

8 జనవరి 2011, శనివారం

బడి నుంచి వచ్చేసరికి లైన్‌మన్ మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. వైర్‌లెస్ మోడెమ్. ఆరు నెలల నుంచి ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే ఇవాళ దయ కలిగింది.

బాపు మోడెమ్ చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. బొగ్గుబాయి మీద ల్యాంప్ రూమ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని ఛార్జింగ్ పెట్టడం, అదే ఆయన డ్యూటీ. రిటైరై ఏడేళ్లవుతున్నా లైటు వెలిగే పెట్టె ఏది కనిపించినా కళ్లు అక్కడికే పోతాయి. మోడెమ్ మీద నాలుగు ఆకుపచ్చ లైట్లూ వెలిగేదాకా నిలబడి, నిండింది బిడ్డ, ఇగ ఇయ్యచ్చు, అన్నాడు.

పాస్‌వర్డ్ పెట్టలేదు. లైన్‌మన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. నేనేమో తొమ్మిదో తరగతి పిల్లలకు పాస్‌వర్డ్‌ల మీద రెండు పీరియడ్లు పాఠం చెప్పే కంప్యూటర్ టీచర్ని. రేపు పెడతాను.

23 జనవరి

పెట్టలేదు.

12 ఫిబ్రవరి, శనివారం

గల్లీ అంతా మా గాలి మీదే బతుకుతోంది. పక్కింటి రమ పాత లాప్‌టాప్ పట్టుకుని రెండిళ్ల మధ్య గోడ మీద కూర్చుంటుంది. డిప్లొమా ఆఖరి సంవత్సరం, ప్రాజెక్టు ఉందట. ఎదురింటి అంజి రైలు టికెట్లు చూసుకుంటాడు. నాకు మెయిల్ తెరవాలంటే పావుగంట పడుతోంది. గొణిగాను. తాళం వెయ్యరాదు మరి, అన్నాడు బాపు.

వేయలేకపోతున్నాను. కారణం అమ్మ. నా చిన్నప్పుడు ఈ గల్లీకి ఒకటే టీవీ, అది మాది. ఆదివారం సాయంత్రమైతే అమ్మ తలుపు రెండు రెక్కలూ తీసి, మంచం బయట వేసి, చాప పరిచేది. చెప్పుల కుప్పలో నా చెప్పులు దొరికేవి కావు. తలుపు వేసుకుని చూసే టీవీ ఏం టీవీ అనేది మా అమ్మ యేసమ్మ. ఆమె పోయి పద్నాలుగేళ్లు. ఆ టీవీ కూడా పోయింది. చాప ఉంది.

రమ వాళ్ల నాన్న లింగమూర్తి కాక రాత్రి డ్యూటీ దిగి, గోడ మీద కూతుర్ని చూసి, ఏంది బిడ్డ మీ గోడ మా పిల్లకు కాలేజయింది, అని నవ్వి పోయాడు. బాయి మీద ఆయన్ని అందరూ పోశం అంటారు. చిన్నప్పుడు నేను బాయిలో దిగే ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి అనుకునేదాన్ని, పైన ఒకటి, కింద ఒకటి. మరి నీకొకటే ఎందుకని బాపును అడిగితే, నేను కిందికి దిగ కద బిడ్డ, అన్నాడు. చాలా ఏళ్లు ఆ జవాబు నాకు సరిపోయింది.

3 మార్చి, గురువారం, సాయంత్రం 6

ఠాణా నుంచి ఇద్దరు వచ్చారు. మా కనెక్షన్ మీద ఎవరో ఒక కాంట్రాక్టర్‌కు చంపుతామని మెయిల్ పంపారట. తేదీ, గంట, నిమిషం కాగితం మీద ఉన్నాయి. ఆ టైముకు నేను బడిలో పాఠం చెబుతున్నాను. మరి మీ లైన్ ఎవరు వాడిన్రు మేడం, అన్నాడు పెద్దాయన. ఎవరైనా వాడొచ్చు, తాళం లేదు అన్నాను. చెబుతుంటేనే సిగ్గేసింది. టీచరమ్మ అయ్యుండి, అని ఆయన పూర్తిచేయలేదు.

వారంలోగా తాళం వేయాలి. ఎవరెవరు వాడుతున్నారో పేర్లు రాసి, వాళ్ల గుర్తింపు కార్డుల జిరాక్స్‌లు పెట్టి ఇవ్వాలి. వాళ్లు పోయాక గల్లీలో ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. బాపు మాత్రం వాళ్లు తాగిన గ్లాసులు తనే కడిగాడు.

5 మార్చి, శనివారం

పొద్దుటి నుంచి మోడెమ్ ముందే. ముందు దాని సొంత పేజీ తెరిచాను, 192.168.1.1. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. దేశంలో సగం మోడెమ్‌లు ఇలాగే ఉండి ఉంటాయి. అది మార్చాను. తర్వాత సెక్యూరిటీ. ఏమీ వద్దు, WEP, WPA, WPA2 అని నాలుగు. WEP ఉన్నా లేనట్టే, తెలిసినవాడు పది నిమిషాల్లో విప్పేస్తాడు. WPA2 పెట్టాను. పాస్‌ఫ్రేజ్ పదహారు అక్షరాలు. ఇక్కడ రాయను. డైరీకి ఎన్‌క్రిప్షన్ లేదు.

గంటలో రమ వచ్చింది. అక్కా, మా డబ్బా పట్టుకుంటలేదు. పాత ఎక్స్‌పీ. WPA2 అంటే దానికి తెలియదు. ఆమె కోసం WEPకు దిగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. దిగలేదు. సర్వీస్ ప్యాక్ త్రీ సీడీ తెచ్చి వేశాను, పట్టుకుంది. రమ అత్తారింటి నుంచి తిరిగొచ్చినట్టు గోడెక్కి కూర్చుంది.

బాపుకు ఎన్‌క్రిప్షన్ అంటే ఏమిటో చెప్పాను. మాట గాల్లో పోతుంటే మధ్యలో పట్టుకున్నవాడికి అర్థం కాకుండా కలగలిపేయడం అన్నాను. వెంటనే అర్థమైంది. ఆయన కాలంలో లైటుకు తాళం వేసి ఇచ్చేవాళ్లు, కింద ఎవరూ విప్పకుండా. తాళం సరే బిడ్డ, లోపలికి ఎవలు దిగిండో ఎట్ల తెలుస్తది, అన్నాడు.

పుస్తకంలో దాన్ని ఆథెంటికేషన్ అంటారు. రెండు అధ్యాయాలు చదివితే గాని నాకు తట్టని ప్రశ్న అది.

6 మార్చి, ఆదివారం

చర్చి నుంచి వచ్చి బాపు సుత్తె పట్టుకున్నాడు. అరుగు గోడకు ఒక చెక్క, దానికి ఆరు మేకులు. పాలపొడి డబ్బాల మూతలు గుండ్రంగా కత్తిరించి, మేకుతో అంకెలు కొట్టి, ఆరిళ్లకు ఆరు బిళ్ళలు చేశాడు. బాయి మీద పద్ధతే. దిగేవాడు తన బిళ్ళ కిటికీలో ఇచ్చి లైటు తీసుకుంటాడు. బిళ్ళ మేకుకు వేలాడినంతసేపూ ఆ మనిషి కింద ఉన్నట్టు. లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటే పైకి వచ్చినట్టు. షిఫ్టు అయ్యాక కూడా ఒక్క బిళ్ళ మిగిలితే ల్యాంప్ రూమ్ వాడు ఇంటికి పోడు. నా చిన్నప్పుడు అన్నం చల్లారిపోయిన రాత్రులన్నీ అవే. అమ్మ ఎందుకు తినకుండా కూర్చునేదో అప్పుడు తెలియదు.

మా పద్ధతి కూడా అదే అన్నాడు. నెట్ కావాలంటే బిళ్ళ తగిలించాలి, అయిపోయాక తీసుకెళ్లాలి. ఒకేసారి ముగ్గురికి మించి వద్దు, లైన్ ఆగదు. అందరూ నవ్వారు. సాయంత్రానికి మూడు బిళ్ళలు వేలాడుతున్నాయి. బాపు కుర్చీ వేసుకుని వాటి కింద కూర్చున్నాడు. ఏడేళ్ల తర్వాత మళ్లీ డ్యూటీ ఎక్కిన మనిషిలా ఉన్నాడు.

నెట్‌వర్క్ పేరు ల్యాంప్ రూమ్ అని మార్చాను. ఎంత సంతోషపడ్డాడో.

8 మార్చి, మంగళవారం

మాక్ ఫిల్టర్ పెట్టాను. ప్రతి లాప్‌టాప్‌కూ పుట్టుకతో ఒక నంబరుంటుంది. జాబితాలో ఆ నంబరు లేకపోతే పాస్‌ఫ్రేజ్ తెలిసినా లోపలికి రానివ్వదు. నంబరు పక్కన పేరు రాసుకోవడానికి ఒక గడి. ఆరిళ్లూ తిరిగి కార్డులు అడిగాను. ఐదిళ్ల వాళ్లు వెంటనే ఇచ్చారు. లింగమూర్తి కాక రేపిస్త, ఎల్లుండిస్త అంటున్నాడు. మరి గురువారం ఇవ్వకపోతే రమ పేరు తీసేస్తానని చెప్పి వచ్చాను. రూల్ అంటే రూలే.

10 మార్చి, గురువారం, మధ్యాహ్నం 2

కాక కార్డు ఆయన భార్య సారక్క చిన్నమ్మ తెచ్చిచ్చింది. చీర కొంగులో కట్టుకుని. జాబితా రాసి, జిరాక్స్‌లు కుట్టి, ఠాణాలో ఇచ్చేశాను. పెద్దాయన లేడు, రైటర్ తీసుకుని ట్రేలో వేశాడు. పీడ వదిలింది.

10 మార్చి, సాయంత్రం 7

వదల్లేదు.

నా దగ్గరున్న కాపీ బాపు అద్దాలు పెట్టుకుని చదివాడు. నాలుగో వరుస దగ్గర వేలు ఆగింది. లింగమూర్తి, కంపెనీ ఉద్యోగి, ల్యాంప్ నంబరు 417. కింద జిరాక్స్‌లో పోశం. అవును, అది ఆఫీసు పేరు కదా, ఇంట్లో పిలిచే పేరుతోనే గల్లీలో తెలుసు కదా, అందుకే అలా రాశాను అన్నాను. బాపు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఇవాళ కొడతాడనుకున్నాను.

అది ఆఫీసు పేరు కాదు. వేరే మనిషి.

పోశం అంటే కాక వాళ్ల అన్న. 1978లో నౌకరీ అన్నకు వచ్చింది. ఒక్క షిఫ్టు దిగి, చీకటికి జడిసి, పెద్దపల్లి దగ్గర వాళ్ల ఊరికి పారిపోయాడు. ఇంట్లో తినడానికి లేదు. మర్నాడు పంతొమ్మిదేళ్ల తమ్ముడు అన్న బిళ్ళ పట్టుకుని కిటికీ ముందు నిలబడి, నాలుగు వందల పదిహేడు, అన్నాడట. బాపుకు నిన్నటి మొహం గుర్తుంది. లైటు ఇచ్చాడు. ఎందుకిచ్చినవ్ అంటే, నేను నంబరు చూస్త బిడ్డ, మొఖం చూడ, అన్నాడు. అబద్ధం. ఆయనకు ప్రతి మొహమూ గుర్తే.

ఇంకా ఉంది. 1994లో ఆ అన్న ఊళ్లో పాము కరిచి చనిపోయాడు. కాకకు సెలవు కావాలి. పోశం చనిపోయాడని రాయడానికి లేదు, కాగితాల్లో తనే పోశం. అప్పుడు బాపు కూర్చుని దరఖాస్తు రాసిచ్చాడు. నా తమ్ముడు లింగమూర్తి మరణించినందున మూడు రోజులు సెలవు ఇప్పించగలరు. కాక వేలిముద్ర వేశాడు. తన చావు కాగితం మీద తనే.

కంపెనీ కాగితాల ప్రకారం లింగమూర్తి లేడు. పదిహేడేళ్లుగా లేడు. లేని మనిషిని నేను కార్డు నంబరుతో సహా ఠాణాలో ఇచ్చి వచ్చాను. ఎవరైనా రెండు పేర్లు పక్కపక్కన చూసి ఆఫీసుకు ఒక్క ముక్క రాస్తే చాలు. మారుపేరుతో చేస్తున్నాడని తేలితే ముప్పై మూడేళ్ల నౌకరీ పోతుంది, పింఛను పోతుంది, రమ చదువు పోతుంది. ఇంకా మూడేళ్లు ఉంది రిటైర్ కావడానికి, అదీ అన్న వయసు లెక్కన.

కాక గోడ అవతల నిలబడి అంతా విన్నాడు. నువ్వు నిజమే రాసినవ్ గద బిడ్డ, ఫికర్ చెయ్యకు, అన్నాడు. తిట్టినా బాగుండేది.

11 మార్చి, శుక్రవారం

బడికి సెలవు పెట్టి పొద్దున్నే ఠాణాకు పోయాను. కొత్త జాబితా రాసుకుని పోయాను. నాలుగో వరుసలో పోశం. నా చేతిరాతే.

కాగితం పెద్దాయన టేబుల్ మీదికి వచ్చేసింది. ఒక పేరు తప్పు పడింది సార్, మారుస్తాను అన్నాను. ఆయన పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాడు. మరి ఈ లింగమూర్తి ఎవలు మేడం, అన్నాడు.

పోశం తమ్ముడు, అన్నాను. ఏడి, అన్నాడు.

చనిపోయాడు, అన్నాను. చిన్నప్పటి నుంచి ఆ ఇంటిని ఆ పేరుతోనే పిలిచే అలవాటు, చెయ్యి అలా పోయింది అన్నాను. ఎక్కడా తడబడలేదు. ఆయన పాత కాగితం నాకిచ్చేసి, పోనీలే పాపం, అన్నాడు. మెయిల్ పంపినవాడు కూడా దొరికాడట. మా గల్లీ మూలమీద చాయ్ హోటల్‌లో కూర్చుని పంపాడు, లారీల కాంట్రాక్టు గొడవ. మీ లైన్‌కు తాళం పడ్డది కద, ఇగ పోండి, అన్నాడు.

ఆటోలో ఏడ్చాను. పరీక్షలో పక్క పిల్ల పేపరు చూసిన పిల్లల్ని గోడ వైపు నిలబెట్టే మనిషిని నేను. అబద్ధమాడినందుకు కాదు ఏడ్చింది. అది అంత సులువుగా వచ్చినందుకు. మంచి మనిషిని రెండోసారి చంపి వచ్చాను.

ఇంటికి వచ్చి మాక్ ఫిల్టర్ తెరిచాను. రమ లాప్‌టాప్ నంబరు పక్క గడిలో లింగమూర్తి తీసేసి పోశం అని కొట్టాను. సేవ్ నొక్కితే మోడెమ్ ఆగి మళ్లీ లేచింది. దానికేం, ఏ పేరైనా ఒకటే. అది నంబరే చూస్తుంది.

23 సెప్టెంబర్ 2011, శుక్రవారం

రాష్ట్రం కోసం సమ్మె, పదకొండో రోజు. సైరన్ లేదు. పుట్టినప్పటి నుంచి ఇన్ని రోజులు సైరన్ లేకుండా ఎప్పుడూ లేను, పొద్దున ఎప్పుడు లేవాలో తెలియడం లేదు.

కాక మా అరుగు మీద బాపుతో పొద్దంతా పులి-మేక ఆడుతున్నాడు. పదకొండు రోజులు వరసగా ఈయన నా మొగుడే అయిండు, బాయి మొగుడు గాలేదు, అని సారక్క చిన్నమ్మ ఒకటే నవ్వు. ఒక్కరు కూడా పోశం అని పిలవలేదు పదకొండు రోజులుగా. కాక ఆ మాట పైకి అనడు. కానీ లింగమూర్తీ అని ఎవరైనా పిలిస్తే రెండోసారి పిలిచేదాకా పలకడు. వినబడక కాదు. ఇంకోసారి వినడానికి.

2 ఏప్రిల్ 2012

రమకు హైదరాబాద్‌లో ఉద్యోగం. లాప్‌టాప్ పెట్టె సర్దుతూ తన బిళ్ళ బాపు చేతికిచ్చింది. ఉంచుకో బిడ్డ, మళ్ల దిగుతవ్, అన్నాడు.

17 డిసెంబర్ 2012, సోమవారం

బాపు పోయాడు. శనివారం మధ్యాహ్నం. బిళ్ళల కింద కుర్చీలో.

19 డిసెంబర్

ఇవాళ రాయగలను అనుకుంటున్నాను.

సమాధుల తోటలో అందరూ వరుసగా వచ్చి పిడికెడు మట్టి వేశారు. ఎవరి ప్రార్థన వాళ్లు చేశారు. కాక మొదటి షిఫ్టు చేసి అవే బట్టల్లో వచ్చాడు. మెడ మీద బొగ్గు అలాగే ఉంది. గుంత అంచున నిలబడి, కొంచెం వంగి, కిటికీలోకి చెప్పినట్టు, నాలుగు వందల పదిహేడు, అన్నాడు. ఇరవై ఆరేళ్లు రోజూ బాపుతో ఆయన అన్న మొదటి మాట అదేనట. పాస్టరు గారికి అర్థం కాలేదు. నాకైంది. అక్కడే ఏడ్చాను.

చెక్క మీద బిళ్ళలు లెక్కపెట్టాను. అన్నీ ఎవరింటికి వాళ్లు తీసుకుపోయారు. ఒక్కటి కూడా వేలాడటం లేదు. బాపు నిశ్చింతగా ఇంటికి పోవచ్చు.

9 జూన్ 2013

గల్లీలో అందరికీ ఫోన్లలోనే నెట్. బిళ్ళ ఎవరూ తగిలించడం లేదు. ఆదివారం కదా, మేకులు తుడిచాను.

31 మే 2014, శనివారం

కాక రిటైర్మెంట్. బాయి మీద టెంట్ వేశారు. బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో శ్రీ పోశం గారికి వీడ్కోలు సన్మానం. కింద కాక ఫోటో. ఆ పేరు పక్కన ఆ మొహం అంత పెద్దగా చూడటం ఇదే మొదలు. సారక్క చిన్నమ్మ బ్యానర్ వైపు చూడనే లేదు.

దండలు వేశారు, శాలువా కప్పారు. అధికారి పోశం గారి ముప్పై ఆరేళ్ల సేవ అని మాట్లాడాడు. నిజానికి కాకకు యాభై ఐదే. ఇంకా ఐదేళ్లు చేయగలడు. ఆ ఐదేళ్లూ అన్న పట్టుకుపోయాడు, లేకపోతే ముప్పై ఆరేళ్లు అన్న ఇచ్చాడు, ఎలా చూస్తే అలా.

మాట్లాడమని మైకిచ్చారు. కాక లేచి శాలువా సర్దుకున్నాడు. నేను మా అన్న పెట్టిన అన్నం తిన్న, మా అన్నకు దండం, అని మైకు ఇచ్చేశాడు. మా బాపు అంద్రెయన్న గురించి అన్నాడని ముందు వరుసలో చెప్పుకున్నారు. కొందరు నా వైపు చూసి తల ఊపారు. నేనూ ఊపాను.

లైటు చివరిసారి అప్పజెప్పేటప్పుడు కిటికీలో ఎవరో కొత్త పిల్లగాడు. తల కూడా ఎత్తలేదట.

2 జూన్ 2014, సోమవారం, మధ్యాహ్నం

పొద్దుటి నుంచి పటాకులు. రాష్ట్రం వచ్చింది. చౌరస్తాలో రంగులు, డప్పులు, స్వీట్లు. బడిలో జెండా ఎగరేసి వచ్చాను. పిల్లల బుగ్గలన్నీ గులాబీ రంగు.

వచ్చేసరికి కాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కొత్త ఫోన్, రమ పంపింది. వీడియోలో మాట్లాడతానందట, నెట్ పెట్టిమ్మని వచ్చాడు. గోడకున్న చెక్క వైపు చూసి, జేబులోంచి వాళ్లింటి పాలపొడి మూత బిళ్ళ తీసి మేకుకు తగిలించాడు. ఇన్నాళ్లూ దాచాడు.

పాస్‌ఫ్రేజ్ కొట్టాను. ఫోన్ మాక్ నంబరు చూసి ఫిల్టర్ పేజీ తెరిచాను. పాత వరుస అలాగే ఉంది, రమ లాప్‌టాప్, పోశం. కొత్త వరుసలో నంబరు ఎక్కించాను. పక్కన పేరు గడి ఖాళీగా ఉంది. కర్సర్ కొట్టుకుంటోంది.

పోశం అనే కొట్టబోయాను. మూడేళ్ల కింద నేర్చుకున్న జాగ్రత్త. పింఛను కూడా ఆ పేరునే వస్తుంది. అయినా చెయ్యి ఆగింది. ఏ పేరు రాయాలె కాకా, అని అడిగాను. నేను ఆయన్ని ఇలా అడగడం ఇదే మొదలు. ఎవరైనా అడగడమే మొదలేమో.

కాక ఫోన్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఇది ఎవలన్న సూస్తరా బిడ్డ, అన్నాడు. నేను తప్ప ఎవరూ చూడరు, తాళం ఉంది అన్నాను.

అయితే లింగమూర్తి అని రాయి, అన్నాడు.

రాశాను. ఠాణాలో ఒక్కసారి కూడా తడబడని దాన్ని, నాలుగక్షరాలకు మూడుసార్లు తప్పు కొట్టాను. ఆ రోజు నేను వాళ్లకు ఏం చెప్పానో ఇప్పుడు కాకకు చెప్పేశాను. నువ్వు చనిపోయావని చెప్పాను కాకా, అన్నాను. కాక నవ్వాడు. మీ బాపు ఇంకా ముందుగాలనే సంపిండు, అన్నాడు.

రమ లాప్‌టాప్ ఎప్పుడో పాడైపోయింది. పోశం వరుస తీసేయనా అని అడిగాను. వద్దన్నాడు. ఉండనియ్యి బిడ్డ, వాని పేరుతోనే తిన్నం.

3 జూన్ 2014, మంగళవారం, ఉదయం

మొదటి షిఫ్టు సైరన్‌కు మెలకువ వచ్చింది. గోడ అవతల కాక కూడా లేచినట్టున్నాడు, అలవాటు. బిళ్ళ నిన్నటి నుంచి మేకుకే ఉంది. తీసుకెళ్లలేదు.

మోడెమ్ పేజీలో ఇప్పుడు లైన్ మీద ఎవరున్నారో చూపించే జాబితా తెరిచి చూశాను.

పోశం, లేడు.

లింగమూర్తి, ఉన్నాడు.